విడివిడిగా విశ్వాస ప్రమాణం

మా నాన్నకు కోపం వస్తే అరిచేవాడు కాదు, నవ్వించేవాడు. మనిషిని నలుగురి ముందు నిలబెట్టి ఆ నలుగురినీ నవ్వించేవాడు. దెబ్బలు తిన్నవాళ్ళు కొన్నాళ్ళకు మర్చిపోతారు గానీ అలా నిలబడ్డవాళ్ళు మర్చిపోరు. మా అమ్మ అలా ఏటా నిలబడింది.

మాది మెదక్. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు పెద్ద చర్చి మెట్ల మీద ఫోటోలు దిగి పోతారు. మేము వెళ్ళేది దానికి కాదు. ఒక సందులో రేకుల కప్పు వేసిన చిన్న గుడి ఉండేది, మా ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. పాస్టరుకు చుట్టుపక్కల ఇంకా చాలా గుడులు ఉండేవి కాబట్టి మా దగ్గరికి నెలకోసారి వచ్చి బల్ల ఇచ్చి పోయేవాడు. బల్ల అంటే ప్రభు భోజనం. ఒక రొట్టె ముక్క, గుటకెడు ద్రాక్షరసం. మిగతా రోజుల్లో గుడి మా నాన్న చేతిలో ఉండేది. ఆయన సర్కారు బడిలో తెలుగు సారు, గుడిలో సంఘ పెద్ద. బల్లకు ఎవరు లేచి రావాలో, ఎవరు బెంచీ మీదే కూర్చోవాలో ఆయన చెప్పిందే మాట. విశ్వాస ప్రమాణం తప్పు లేకుండా ఒప్పజెప్పినవాళ్ళే లేవాలి. మా అమ్మ ఎప్పుడూ లేవలేదు.

ఆ పాఠం తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. ఆరాధనలో అందరూ నిలబడి కలిసి చెప్పేదే విశ్వాస ప్రమాణం. తండ్రియైన దేవుని నమ్ముచున్నాను, ఆయన కుమారుణ్ణి నమ్ముచున్నాను, పరిశుద్ధాత్మను నమ్ముచున్నాను అంటూ సాగుతుంది. కొడుకు పుట్టడం, బాధపడటం, చనిపోవడం, పాతిపెట్టబడటం, తిరిగి లేవడం అన్నీ అందులోనే ఉంటాయి. మొత్తం చెప్పడానికి అన్నం కలుపుకునేంత సేపు కూడా పట్టదు. అందులో మొదటి వాక్యం దాటడానికి మా అమ్మకు జీవితం చాలలేదు.

అమ్మ ఆకుకూరలు అమ్మేది. టేక్మాల్ వైపు నుంచి వచ్చి మెదక్‌లో స్థిరపడిన కూరగాయల కుటుంబం వాళ్ళది. నాన్న అప్పట్లో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాడు, రోజూ సాయంత్రం ఆమె దగ్గర పుంటికూర కొనేవాడట. అన్ని రోజులు అంత పుంటికూర ఎవరు తింటారు? వాళ్ళింట్లో సంగతి తెలిసి తలుపులు మూసేశారు. పెళ్ళికి ముందు ఒక ముసలి పాస్టరు ఆమెకు బాప్తిస్మం ఇచ్చాడు. పాఠమేమీ ఒప్పజెప్పమనలేదు. తండ్రిని నమ్ముతున్నావా, కుమారుణ్ణి నమ్ముతున్నావా, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా అని అడిగాడు. మూడు సార్లూ ‘నమ్ముతున్న’ అంది. ఆ రోజు ఆమె నాలుక ఎక్కడా జారలేదు.

తర్వాత నాన్నకు సర్కారు ఉద్యోగం వచ్చింది. ఇక బజారుకు పోవద్దన్నాడు. అమ్మ విననట్టు ఊరుకుని మర్నాడు తెల్లవారుజామున గంప ఎత్తుకుంది. సారు భార్య రోడ్డు మీద కూర్చుని పాలకూర, పుంటికూర అని కేకలు వేయడం ఆయనకు తలకొట్టేసినట్టుండేది. ఆ సంగతి ఆమెతో నేరుగా పోట్లాడి తేల్చుకుని ఉంటే మా ఇల్లు మరోలా ఉండేదేమో. ఆయన దాన్ని ఒప్పజెప్పే ఆదివారం దాకా దాచి పెట్టుకునేవాడు.

ఆదివారం మధ్యాహ్నం మా ముందు గదిలో పాఠం ఉండేది. ఆ ఏడు కొత్తగా బల్లకు రావాల్సిన పిల్లలు చాప మీద కూర్చునేవారు. నాన్న పాఠం బాగా చెప్పేవాడు, అది కాదనను. విశ్వాస ప్రమాణం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన చెప్పగా విన్నదే నాకిప్పటికీ గుర్తుంది. పన్నెండుమంది అపొస్తలులు ఒక్కచోట కూర్చుని తలా ఒక మాట చెప్పి కూర్చారని పూర్వం అనుకునేవారట. “ముచ్చట మస్తుంటది, గని నిజం కాదు” అనేవాడు. అపొస్తలుల పేరు పెట్టుకుంది గానీ వాళ్ళెవరూ రాసింది కాదు. తొలి రోజుల్లో రోమాలో బాప్తిస్మం తీసుకునేవాణ్ణి నీళ్ళలో నిలబెట్టి తండ్రిని గురించి, కుమారుణ్ణి గురించి, పరిశుద్ధాత్మను గురించి నమ్ముతున్నావా అని అడిగేవారు. నమ్ముతున్నాను అన్న ప్రతిసారీ ఒక మునక. ఆ ప్రశ్నలూ జవాబులే కాలం గడిచేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని పాఠం అయ్యాయి. అప్పట్లో దాన్ని కాగితం మీద పెట్టనిచ్చేవారు కాదట. నోటితో అప్పగించి, మళ్ళీ నోటితోనే ఒప్పజెప్పించుకునేవారు.

అందులో పొంతి పిలాతు పేరు ఎందుకుందని ఒక పిల్ల అడిగింది. దేవుడి కొడుకును సిలువకు పంపిన అధికారిని ప్రతి ఆదివారం ఎందుకు తలుచుకోవాలని ఆ పిల్ల బాధ. నాన్నకు ఆ ప్రశ్న నచ్చింది. “మన ముసలోళ్ళు నిజాం జమానల పుట్టిన అంటరు చూడు, గట్ల. తారీఖు తెల్వనప్పుడు గద్దె మీద ఎవడున్నడో చెప్తే సాలు. ఇది కట్టుకథ కాదు, ఫలానా హాకిం ఉన్నప్పుడు జరిగింది అని గుర్తు” అన్నాడు. ఆ పాఠానికి పాత భాషలో ఉన్న పేరుకు కూడా గుర్తు అనే అర్థమని చెప్పాడు. “దవాఖానల టోకెన్ ఉంటది గద? గది లేనోణ్ణి డాక్టర్ దగ్గరికి పంపుతరా? ఇది గా టోకెన్” అన్నాడు. అని, తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ వైపు చూశాడు.

అమ్మ బజారు నుంచి అప్పుడే వచ్చేది. కొంగుకు కొత్తిమీర వాసన, చేతి గోళ్ళలో మట్టి. ఏటా పాఠాల చివరి ఆదివారం అందరూ ఒప్పజెప్పాలి. పిల్లలందరూ అయ్యాక ఆమె వంతు. వాళ్ళ ముందే చెప్పాలి.

ఇక్కడ ఒక చిన్న వ్యాకరణం. ‘దేవుని నమ్ముచున్నాను’ అన్న మాట గబగబా అంటే ఎక్కడ విరగాలో చెవికి తెలియదు. దేవుని, నమ్ముచున్నాను అని విరవొచ్చు. దేవునిన్, అమ్ముచున్నాను అని కూడా విరవొచ్చు. గుడిలో అందరం ఒక్కసారిగా చెప్పేటప్పుడు ఎవరు నమ్ముతున్నారో ఎవరు అమ్ముతున్నారో ఆ పైవాడికే తెలియాలి. అమ్మకు చదువు రాదు. ఆమె నోట్లో తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా ఆడే మాట అమ్ముడు. అయినా పొయ్యి ముందు కూర్చుని నాతో చెప్పేటప్పుడు సరిగ్గానే చెప్పేది. ముందు గదిలో నిలబడి కూడా మొదటిసారి గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది. తప్పు పట్టడానికేమీ ఉండేది కాదు.

అప్పుడు నాన్న సంధి పాఠం చెప్పే గొంతుతో అనేవాడు: “విడివిడిగ చెప్పు.”

అమ్మ తడబడేది. చీర కొంగు వేలికి చుట్టుకునేది. “తండ్రియైన... దేవునిని...” అని ఆగేది. ఆ రెండో ‘ని’ పడగానే నాకు తెలిసిపోయేది. “...అమ్ముచున్నాను” అనేది.

“దేవుణ్ణి అమ్ముతున్నవా?” అనేవాడు నాన్న మొహంలో నవ్వు లేకుండా. “కట్ట ఎంత?”

చాప మీద పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. అదేదో మంచితనం వల్ల కాదు, నేను తప్పు చెబితే నా మీద ఏం జోకు వేస్తాడో తెలియక బిగుసుకుపోయి కూర్చునేదాన్ని. “పోయి నేర్చుకో. వచ్చే ఏడు చూద్దం” అని నాన్న పాఠం ముగించేవాడు. వచ్చే ఏడు మళ్ళీ చాప, మళ్ళీ కొత్త పిల్లలు, మళ్ళీ అదే జోకు. ఏటా మనుషులు మారేవారు కాబట్టి జోకు పాతబడేది కాదు.

ఆ మాట బజారుకెక్కింది. పాఠానికి వచ్చిన పిల్లలే మోసుకుపోయి ఉంటారు. ‘దేవుణ్ణమ్మే అమ్మ’ అని ఆమెకు పేరు పడింది. పక్కన ఉల్లిగడ్డలమ్మే చాచా ఒక్కడే ఆ పేరుతో పిలవలేదు. “నమ్మిన అని చెప్పనీకి మా ఇస్లాంల చిన్న మాటనే ఉంటది బిడ్డా. మీ దాంట్ల గింత పొడుగేంది?” అని ఆశ్చర్యపోయాడు. అమ్మ ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

నేను మొదటి ప్రయత్నంలోనే ఒప్పజెప్పి బల్లకు అర్హురాలినయ్యాను. మొదటిసారి రొట్టె, రసం తీసుకుని వచ్చి బెంచీ మీద అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ నా వైపు వంగి చెవిలో అడిగింది. “ఎట్లుంటది? తియ్యగుంటదా, పుల్లగుంటదా?”

“దగ్గు మందు లెక్క” అన్నాను.

“అంతేనా” అంది. ఆమె గొంతులో ఎంత ఆశ ఉందో, అది తెలియనివ్వకూడదని ఎంత పెనుగులాట ఉందో నాకప్పుడే అర్థమైంది. ఇంట్లో అందరికీ వడ్డించే మనిషి, గుడిలో ఎవరో వడ్డించే రోజు కోసం ఎదురుచూసింది.

ఒక్కసారి మాత్రం ఎదురు తిరిగింది. పాఠం అయ్యాక నాన్న అన్నం తింటూ, నమ్మడమంటే ఏమిటో నాకు చెబుతున్నాడు. దేవుడు ఉన్నాడని ఒప్పుకోవడం నమ్మడం కాదట. ఉన్నాడని దయ్యాలకు కూడా తెలుసట. నమ్మడమంటే మన బరువంతా ఆయన మీద వేసి నిలబడటం. అమ్మ పప్పు గిన్నె కింద పెట్టింది.

“గది నాకు మీరు చెప్పాల్నా? మిమ్ముల నమ్ముకొనే గద, అందరిని ఇడిసిపెట్టి వచ్చిన. నమ్మి చెడ్డోళ్ళు లేరంటరు. నన్ను సూడుండ్రి.”

నాన్న తలెత్తలేదు. “పప్పుల ఉప్పు తక్కువైంది” అన్నాడు.

“నమ్ముకున్నోళ్ళను అమ్ముకునుడు అంటే గిదే” అని అమ్మ ఉప్పు డబ్బా ఆయన కంచం పక్కన పెట్టి బయటికి పోయింది. ఆ మరుసటి ఏడు ఆయన ఆమెను రెండు సార్లు చెప్పించాడు.

ఇదంతా ఇలాగే సాగింది. నాన్న రిటైరయ్యాడు. నేను ఇక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగంలో చేరి, పెళ్ళి లేకుండా అదే ఇంట్లో ఉండిపోయాను. కిందటేడు వానాకాలంలో ఒక పొద్దున నాన్న స్నానాల గదిలో పడిపోయాడు. పక్షవాతం. కుడి చేయి, కుడి కాలు పోయాయి. మాట కూడా పోయింది. డాక్టరు స్కానింగు చూసి, మనం చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుందని, తిరిగి చెప్పడానికే మాట దొరకదని అన్నాడు. “నోటికి అలవాటైనవి చెప్పించుండ్రి. పాటలు, ప్రార్థనలు, చిన్నప్పటి పద్యాలు. గవి ముందు వస్తయి. రోజు చెప్పించుండ్రి” అన్నాడు.

“చెప్పిస్త” అంది అమ్మ.

ఆమె బజారు మానలేదు. తెల్లారి పోయి, పదకొండింటికల్లా వచ్చి, ఆయనకు ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, గంజి కాచేది. ఆ సేవలో ఒక్క లోపం చూపించలేరు ఎవరూ. వచ్చినవాళ్ళంతా ఇటువంటి ఇల్లాలు దొరకడం అదృష్టమన్నారు. ఇంట్లో ఒక్కటే మారింది. పెళ్ళైన నాటి నుంచి ఆయన్ను మీరు అన్న మనిషి, దవాఖాన నుంచి వచ్చిన రోజు నుంచి నువ్వు అనడం మొదలుపెట్టింది. నాన్న విన్నాడు. ఆయన కళ్ళలో ఆ మాట గుచ్చుకోవడం నేను చూశాను, నాకు సంతోషమే వేసింది.

మా గుడికి అప్పుడే కొత్త పాస్టరు వచ్చాడు. కుర్రవాడు, బైకు మీద తిరుగుతాడు, మంచివాడు. మంచం పట్టినవాళ్ళకు ఇంటికే బల్ల తెచ్చి ఇస్తాడు. మా ఇంటికి రాబోయే ముందు అమ్మ ఇన్నేళ్ళుగా బల్ల తీసుకోలేదని ఎవరో చెప్పారట. అతనికి నమ్మశక్యం కాలేదు. పైవాళ్ళ అనుమతి కూడా తెచ్చుకుని వచ్చాడు.

“అమ్మా, మీరేం ఒప్పజెప్పాల్సిన పని లేదు. పాత పద్ధతి ప్రశ్నలే అడుగుత. నమ్ముతున్న అంటే సాలు. సార్‌తో పాటు మీరు గూడ తీసుకోండ్రి” అన్నాడు. చిన్న పెట్టె తెరిచి, తెల్ల గుడ్డ పరిచి, రొట్టె, వేలెడంత గ్లాసులు పెట్టాడు. మా ముందు గదే అది. చాప పరిచే చోట ఇప్పుడు నాన్న మంచం ఉంది.

అమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి నిలబడింది. ఎప్పటి చోటే, తలుపు పక్కన. ఇన్నేళ్ళు ఎదురుచూసిన వడ్డన ఆమెకు రెండడుగుల దూరంలో ఉంది.

పాస్టరు ముందు నాన్న దగ్గర వంగాడు. “సార్, మీరు తల ఊపుండ్రి, గంతే. మీ మనసు ప్రభువుకు ఎరికే.”

నాన్న తల ఊపబోయాడు.

“ఊపుడేంది అయ్యగారు?” అంది అమ్మ. గొంతు పెంచలేదు. “నోటితోని చెప్పాలె. విడివిడిగ చెప్పాలె. గిది నేను పెట్టిన కాయిదా కాదు, ఆయన పెట్టిందే. అడుగుండ్రి.”

పాస్టరు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

నాన్న ప్రయత్నించాడు. అది చూడాల్సిన దృశ్యం కాదు. ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని, మెడ నరాలు ఉబ్బి, ఒక పక్కకు లాగుకుపోయిన నోటితో “దే...” అన్నాడు. “దే... వు...” అన్నాడు. చొంగ కారి గడ్డం మీదికి వచ్చింది. న అనడానికి నాలుక పైకి లేవాలి. లేవలేదు. “అమ్... అమ్ము...” అన్నాడు.

“ఏం అమ్ముతున్నవ్?” అంది అమ్మ. “కట్ట ఎంత?”

ఆ గదిలో ఆ మాటకు నవ్వు రాకపోవడం అదే మొదటిసారి. నాన్న కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అమ్మ వెళ్ళి కొంగుతో ఆయన గడ్డం తుడిచి, మళ్ళీ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

పాస్టరు రొట్టె ముక్క విరిచాడు. దాన్ని నాన్న పెదవుల దగ్గర పెట్టాడు. నాన్న అమ్మ వైపు చూశాడు, చూసి, నోరు మూసుకున్నాడు. పాస్టరు బతిమాలాడు. నాన్న పళ్ళు బిగించాడు. తన కాయిదా తానే తప్పితే, ఇన్నేళ్ళు ఆమెను నిలబెట్టినదంతా ఉత్త దౌర్జన్యమని ఒప్పుకున్నట్టే. ఆ సంగతి ఆయనకు తెలుసు. అమ్మకూ తెలుసు.

“మీరైన చెప్పుండ్రి అమ్మా” అన్నాడు పాస్టరు, ఆమె వైపు తిరిగి. “దేవుణ్ణి నమ్ముతున్నరా?”

అమ్మ ఆ తెల్ల గుడ్డ వైపు, చిన్న గ్లాసుల వైపు కాసేపు చూసింది. ఒప్పుకుంటుందనే అనుకున్నాను. ఒప్పుకోవాలని మనసులో వెయ్యి సార్లు మొక్కుకున్నాను.

“నమ్ముడు నాకు అచ్చిరాలే అయ్యగారు” అంది. “అమ్ముడే అచ్చొచ్చింది.”

గంప తీసుకుని, సాయంత్రం బేరానికి వెళ్ళిపోయింది. పాస్టరు రొట్టెనూ రసాన్నీ తిరిగి పెట్టెలో సర్దుకుని, సార్‌కు మాట వచ్చిన రోజు ఫోన్ చెయ్యమని నాతో చెప్పి బైకెక్కాడు.

అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నం మా ఇంట్లో పాఠం జరుగుతోంది. అమ్మ గంజి గిన్నెతో మంచం పక్కన కూర్చుంటుంది. చెంచా ముంచి ఆయన నోటి ముందు ఆపి, “చెప్పు” అంటుంది. డాక్టరు చెప్పించమన్నాడు కదా. నాన్న తంటాలు పడతాడు. చెప్పినా చెప్పకపోయినా చివరికి గంజి పెడుతుంది, ఆకలితో ఎన్నడూ ఉంచలేదు. కాకపోతే అది నోటికి చేరేసరికి చల్లారిపోతుంది. ఆపమని నేను ఒక్కసారి అన్నాను. “మీ నాయిన నన్ను పస్తు పెట్టినన్ని దినాలు నేను పెట్టలే” అంది.

మొన్న ఆదివారం గంజి కలుపుతుండగా నాన్న తనంతట తానే నోరు తెరిచాడు. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఒక్క గుక్కలో, తడబడకుండా, ఒకప్పటి సారు గొంతులో చెప్పేశాడు.

“తండ్రియైనదేవునినమ్ముచున్నాను.”

నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. ఆయన మొహం చిన్నపిల్లవాడి మొహంలా వెలిగిపోతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకూ ఏడుపొచ్చింది. ఎంత కోపమున్నా కన్నతండ్రి కదా. పాస్టరుకు చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నాన్న నన్ను చూడటం లేదు. బడి పిల్లవాడు సారు వైపు చూసినట్టు అమ్మ వైపే చూస్తున్నాడు.

అమ్మ చెంచా గిన్నెలో పెట్టింది. ఆయన పెదవి చివర తడి కొంగుతో తుడిచింది.

“ఇన్న” అంది. “ఇప్పుడు విడివిడిగ చెప్పు.”